జతల మధ్య తేడాలు మాత్రమే తెలిసినప్పుడు వస్తువులను ఒకే వరుసలో పెట్టడం ఎలా? ఏ అల్గారిథమ్ నమ్మాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీ దగ్గర 300 వస్తువులు ఉన్నాయి. ఒక్కో దాని గురించి విడిగా ఏమీ తెలియదు. ఏ రెండింటి మధ్య ఎంత తేడా ఉందో చెప్పే పట్టిక మాత్రం ఉంది. దాన్ని బట్టి వాటిని ఒక చివర నుంచి ఇంకో చివరకు వరుసగా పేర్చాలి. హైరార్కికల్ క్లస్టరింగ్ (దగ్గరివాటిని కలుపుకుంటూ చెట్టు కట్టడం) చేస్తే ఒక వరుస వచ్చింది, ఎండీఎస్ (తేడాలు దూరాలుగా కనిపించేలా వస్తువులను చుక్కలుగా పరిచే పద్ధతి) చేసి మొదటి అక్షం మీద సార్ట్ చేస్తే ఇంకోటి వచ్చింది. రెండూ కలవడం లేదు, ఏది నమ్మాలో తెలియడం లేదు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. స్పెక్ట్రల్ పద్ధతితో (పట్టిక మొత్తం నుంచి ప్రతి వస్తువుకూ ఒక అంకె తెచ్చే లెక్క, కింద వివరిస్తాను) ఒక వరుస తెచ్చుకోండి. ఆ వరుసను రాబిన్సన్ ఉల్లంఘనల (వరుసకు ఎదురు తిరిగే తేడాల, ఇదీ కింద చెప్తాను) లెక్క పెట్టుకుని చిన్న చిన్న మార్పులతో సరిచేయండి. తర్వాత ఆ వరుస ప్రకారం పట్టికను రంగుల బొమ్మగా వేసి కళ్లతో చూడండి. 300 వస్తువులకు ఇదంతా మామూలు ల్యాప్‌టాప్ మీద నిమిషాల్లో అయిపోతుంది. కానీ దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: మీ డేటాలో అసలు ఒక వరుస ఉందా? ఏ అల్గారిథమ్‌కు ఏ పట్టిక ఇచ్చినా ఏదో ఒక వరుస ఇచ్చి తీరుతుంది. వరుస లేని చోట కూడా ఇస్తుంది. ఈ పని మొదలుపెట్టిన కొత్తలో నేను ఎక్కువ దెబ్బ తిన్నది ఇక్కడే కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

ఈ సమస్యకు సీరియేషన్ అని పేరు. ఇది కంప్యూటర్ల కంటే పాతది. ఫ్లిండర్స్ పెట్రీ అనే పురావస్తు శాస్త్రవేత్త ఈజిప్టులో రాజవంశాలకు ముందు కాలపు సమాధులను తవ్వాడు. వాటి మీద తేదీలు లేవు, శాసనాలు లేవు. ఆధారంగా దొరికినవి ముఖ్యంగా కుండలే. ఒక్కో సమాధికి ఒక అట్టముక్క తీసుకుని, అందులో దొరికిన కుండల రకాలను దాని మీద రాసి, ఒకే రకం కుండలున్న ముక్కలు దగ్గర దగ్గరగా వచ్చేలా వందల ముక్కలను చేత్తో అటూ ఇటూ జరిపి వరుస తెచ్చాడు. 1899లో దాన్ని ప్రచురించాడు. తను పెట్టిన కాలక్రమానికి 30 నుంచి 80 వరకు అంకెలు ఇచ్చాడు. అంతకంటే పాతవి ఏవైనా తర్వాత దొరికితే వాటికి చోటుండాలని 30 కంటే కింది అంకెలను ఖాళీగా వదిలేశాడు. ఇప్పుడు మనం చేసే పని కూడా అట్టముక్కలు జరపడమే, కాకపోతే ఏ జరుపుడు మంచిదో లెక్కతో చెప్పగలం.

ఆ లెక్కకు ఆధారం రాబిన్సన్ 1951లో చెప్పిన ఒక చిన్న గమనిక. వస్తువులు నిజంగా ఒక వరుసలో ఉంటే, పట్టికను ఆ వరుసలోనే రాసినప్పుడు ఏ అడ్డు వరుసలోనైనా వికర్ణం దగ్గర నుంచి దూరంగా జరిగే కొద్దీ తేడా పెరగాలి, లేదా అలాగే ఉండాలి. తగ్గకూడదు. ఇంకో రకంగా చెప్పాలంటే, వరుసలో ముందూ వెనకా ఉన్న ఏ మూడు వస్తువులను తీసుకున్నా, రెండు కొసల మధ్య తేడా, మధ్యదానితో ఏ కొసకు ఉన్న తేడా కంటేనూ తక్కువ కాకూడదు. ఎక్కడైనా తగ్గితే అది ఒక ఉల్లంఘన. ఎన్ని ఉల్లంఘనలు ఉంటే వరుస అంత చెడ్డది.

చిన్న ఉదాహరణ తీసుకుని చేతితో చేసి చూద్దాం. ఐదు వస్తువులు: క, గ, చ, ట, ప. పట్టిక ఇది.

| | క | గ | చ | ట | ప |
|---|---|---|---|---|---|
| క | 0 | 5 | 2 | 6 | 1 |
| గ | 5 | 0 | 7 | 1 | 4 |
| చ | 2 | 7 | 0 | 6 | 3 |
| ట | 6 | 1 | 6 | 0 | 5 |
| ప | 1 | 4 | 3 | 5 | 0 |

దీన్ని నేను ఎలా తయారుచేశానో చెప్తాను. ఒక గీత మీద చ, క, ప, గ, ట అనే వరుసలో 0, 2, 3, 7, 8 స్థానాల్లో వీటిని పెట్టి దూరాలు రాశాను. తర్వాత కావాలనే ఒక్క అంకె చెడగొట్టాను. చ, ట మధ్య 8 ఉండాలి, 6 అని రాశాను. నిజం డేటాలో కొలత తప్పడం అంటే ఇలాగే ఉంటుంది.

ఇప్పుడు చాలామందికి మొదట తట్టే పద్ధతి వాడి చూడండి: అన్నిటికంటే ఎక్కువ తేడా ఉన్న జతను పట్టుకుని, వాటిని రెండు కొసలు అనుకుని, ఒక కొస నుంచి దూరాన్ని బట్టి మిగతావాటిని సార్ట్ చేయడం. ఇక్కడ అతి పెద్ద అంకె 7, అంటే చ, గ. గ నుంచి సార్ట్ చేస్తే గ, ట, ప, క, చ వస్తుంది. చ నుంచి చేసినా అదే, తలకిందులుగా. రెండు వైపుల నుంచీ ఒకే జవాబు వచ్చింది కదా అని నమ్మాలనిపిస్తుంది. కానీ అది తప్పు: కొసన ఉండాల్సిన ట లోపలికి వెళ్లి, గ కొసకు వచ్చేసింది. ఒక్క అంకె తప్పితే వరుసే మారింది, ఎందుకంటే ఈ పద్ధతి పట్టికలో ఒక్క అడ్డు వరుసను మాత్రమే చదువుతుంది.

ఇప్పుడు ఉల్లంఘనలు లెక్కపెట్టండి. ఐదు వస్తువుల్లో మూడేసి చొప్పున 10 త్రికాలు, ఒక్కో త్రికానికి రెండు షరతులు, మొత్తం 20. అసలు వరుసలో (చ, క, ప, గ, ట) ఒకే ఒక్క ఉల్లంఘన ఉంది: చ నుంచి చూస్తే గ దగ్గర 7 ఉండి, దాని తర్వాతి ట దగ్గర 6కు తగ్గింది. తప్పు వరుసలో (గ, ట, ప, క, చ) రెండు ఉన్నాయి: ప నుంచి ట 5 దూరంలో, దాని అవతలి గ 4 దూరంలో. క నుంచి ట 6, దాని అవతలి గ 5. అంటే మొత్తం పట్టికను అడిగితే సరైన వరుసే గెలిచింది. పక్కపక్క దూరాల మొత్తం చూసినా అంతే: అసలు వరుసకు 2, 1, 4, 1 కలిపి 8, తప్పు వరుసకు 1, 5, 1, 2 కలిపి 9.

"అయితే అన్ని వరుసలూ వేసి, ఉల్లంఘనలు తక్కువున్నది తీసుకుంటే సరిపోతుంది కదా" అంటారేమో. 10 వస్తువులకు 36,28,800 వరుసలు. తలకిందులైనవి ఒకటే అనుకుంటే అందులో సగం. అది చేయొచ్చు. 20 వస్తువులకు ఆ సంఖ్య 24 పక్కన 17 సున్నాలు పెట్టినంత అవుతుంది. డైనమిక్ ప్రోగ్రామింగ్‌తో (చిన్న భాగాల జవాబులు దాచుకుని మళ్లీ వాడే పద్ధతి) వరుసలకు బదులు ఉపసమితుల మీద నడిచి దీన్ని బాగా తగ్గించవచ్చు. 20 వస్తువులకు ఉపసమితులు 10,48,576 మాత్రమే కాబట్టి పాతిక వస్తువుల లోపు కచ్చితమైన జవాబే తెచ్చుకోవచ్చు. మీ 300కి ఆ దారి లేదు.

పట్టికలో తప్పులే లేకపోతే పరిస్థితి పూర్తిగా వేరు. ఒక పట్టికను రాబిన్సన్ రూపంలో, అంటే ఒక్క ఉల్లంఘనా లేకుండా, పెట్టడం సాధ్యమా కాదా అని తేల్చి, సాధ్యమైతే వరుస ఇచ్చే వేగమైన అల్గారిథమ్‌లు ఉన్నాయి. ప్రేయా, ఫోర్టిన్ 2014లో ఇచ్చినది ఎన్ స్క్వేర్ సమయంలో, అంటే దాదాపు పట్టికను చదివినంత సేపట్లో, పని ముగిస్తుంది. అవి చూడటానికి చాలా అందమైనవి. కానీ ఒక్క అంకె చెడితే "సాధ్యం కాదు" అని చెప్పి ఆగిపోతాయి. పై ఐదు వస్తువుల పట్టికకూ అదే చెప్తాయి. తప్పులున్న పట్టికను అతి తక్కువ మార్పుతో రాబిన్సన్ రూపానికి తేవడం ఎన్‌పీ-హార్డ్ (వేగమైన కచ్చితమైన పద్ధతి ఏదీ తెలియని రకం సమస్య) అని షెపోయ్, ఫిషే, సెస్టన్ 2009లో నిరూపించారు. అందుకే కొలిచిన డేటాతో పనిచేసేవాళ్లం అందరం ఉజ్జాయింపు పద్ధతుల మీదే ఆధారపడతాం.

స్పెక్ట్రల్ పద్ధతితోనే ఎందుకు మొదలుపెట్టమంటున్నాను?

1998లో ఆట్కిన్స్, బోమన్, హెండ్రిక్సన్ ఒక గట్టి ఫలితం చూపించారు. సామ్యాల (రెండు వస్తువులు ఎంత పోలి ఉన్నాయో చెప్పే అంకెల) పట్టిక తీసుకుని దాని లాప్లాసియన్ మాట్రిక్స్ (వికర్ణం మీద అడ్డు వరుసల మొత్తాలు, మిగతా చోట్ల మైనస్ గుర్తుతో అవే అంకెలు) కడితే, దాని రెండో అతి చిన్న ఐగెన్ విలువకు చెందిన వెక్టర్ ఉంటుంది (మాట్రిక్స్‌తో గుణించినా దిశ మారని అంకెల జాబితా ఐగెన్ వెక్టర్, అది ఎన్ని రెట్లు అవుతుందో ఐగెన్ విలువ). దానికి ఫీడ్లర్ వెక్టర్ అని పేరు. పట్టికలో నిజంగా రాబిన్సన్ వరుస ఉంటే, ఆ వెక్టర్ విలువలను సార్ట్ చేస్తే చాలు, ఆ వరుస వచ్చేస్తుంది. (ఆ ఐగెన్ విలువకు ఒకే వెక్టర్ ఉండాలి, విలువల్లో సమానమైనవి ఉండకూడదు. ఉంటే అక్కడ అదనపు పని ఉంటుంది, దానికీ వాళ్లు దారి చూపించారు.) తప్పులున్నప్పుడు ఈ హామీ ఉండదు. అయినా వెక్టర్‌లోని ప్రతి విలువలోనూ పట్టిక మొత్తం పాలు ఉంటుంది కాబట్టి చెదురుమదురు తప్పులు ఒకదాన్నొకటి చాలావరకు సర్దేసుకుంటాయి.

మీ దగ్గర ఉన్నవి సామ్యాలు కావు, తేడాలు. దీనికి చాలామంది గరిష్ఠ విలువలోంచి తేడాను తీసేసి సామ్యంగా మారుస్తారు. అది సరైనదే. కానీ ఒక చిట్కా చెప్తాను, దీని గురించి పుస్తకాల్లో పెద్దగా కనపడదు: ఆ మార్పు అసలు అక్కర్లేదు. ఒక స్థిర సంఖ్యలోంచి తేడాను తీసేసినప్పుడు లాప్లాసియన్ ఎలా మారుతుందో కాగితం మీద రాసుకుంటే, సామ్యాల లాప్లాసియన్‌లో రెండో చిన్న ఐగెన్ విలువ వెక్టరూ, తేడాల లాప్లాసియన్‌లో అతి పెద్ద ఐగెన్ విలువ వెక్టరూ ఒకటే అని తేలుతుంది. కాబట్టి తేడాల పట్టిక నుంచే లాప్లాసియన్ కట్టండి (వికర్ణం మీద అడ్డు వరుసల మొత్తాలు, మిగతా చోట్ల తేడాలకు మైనస్ గుర్తు), అతి పెద్ద ఐగెన్ విలువ వెక్టర్ తీసుకోండి, సార్ట్ చేయండి. ఏ స్థిర సంఖ్య ఎంచుకోవాలన్న ప్రశ్నే రాదు.

పై ఉదాహరణ మీద నేను చేతితో చేసి చూశాను. చ, క, ప, గ, ట లకు విలువలు, ఒక స్కేలులో, సుమారుగా −3, −1.7, −1, 2.7, 3 వచ్చాయి. ఒక్క అంకె చెడగొట్టినా వరుస సరిగ్గానే తిరిగొచ్చింది. గ, ట విలువలు ఎంత దగ్గరగా ఉన్నాయో కూడా చూడండి. "ఈ రెండింటి మధ్య వరుస మీద నాకు పెద్ద పట్టు లేదు" అని వెక్టరే మనకు చెప్తోంది. వరుసతో పాటు ఈ సంగతి కూడా తెలియడం ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చే విషయం.

దీనికి ఒక పెద్ద బలహీనత ఉంది, అది ముందే తెలుసుకోండి. అన్నిటికీ దూరంగా ఉండే ఒంటరి వస్తువు ఒక్కటి ఉన్నా వెక్టర్ దాని వశమైపోతుంది. దానికి ఒక్కదానికే పెద్ద విలువ వచ్చి, మిగతా 299 సున్నా దగ్గర ఇరుకుగా కుక్కుకుంటాయి. వాటి మధ్య వచ్చే వరుసకు అర్థం ఉండదు. నాకు ఇది ఒక తవ్వకపు పొరల డేటాతో ఎదురైంది. ఒక్కో పొరలో దొరికిన పెంకుల రకాల శాతాలను బట్టి తేడాలు లెక్కపెట్టాను. కొన్ని పొరలు రెండు కొసల్లోనూ పోగుపడ్డాయి. అవి మరీ పాతవో మరీ కొత్తవో అనుకుని రెండు వారాలు వాటికి కారణాలు వెతికాను. చివరకు తెరిచి చూస్తే వాటిలో ఒక్కోదానిలో ఐదారు పెంకులే ఉన్నాయి. ఐదు పెంకుల శాతం ఎటైనా పోతుంది కాబట్టి ఆ పొరలు అన్నిటికీ దూరంగా కనిపించాయి. వాటిని పక్కన పెట్టి, మిగతావాటికి వరుస తెచ్చి, ఆ తర్వాత ఒక్కోదాన్ని ఎక్కడ పెడితే ఉల్లంఘనలు తక్కువో అక్కడ దూర్చాను. అప్పుడు బొమ్మ కుదిరింది. అప్పటి నుంచి లాప్లాసియన్ కట్టే ముందు ప్రతి వస్తువుకూ దాని అతి దగ్గరి వస్తువుతో ఉన్న తేడాను చూడటం అలవాటు చేసుకున్నాను. అది మిగతావాటి కంటే బాగా ఎక్కువ ఉన్నవాటిని మొదటి విడతలో పక్కన పెట్టేస్తాను. తేడాల అసలు విలువలకు బదులు వాటి ర్యాంకులు వాడినా ఈ బాధ కొంత తగ్గుతుంది.

మీ రెండు వరుసలు ఎందుకు కలవలేదు?

క్లస్టరింగ్ సంగతి ముందు. డెండ్రోగ్రామ్ (క్లస్టరింగ్ గీసే చెట్టు బొమ్మ) కింద ఆకులు, అంటే వస్తువులు, ఒక వరుసలో కనిపిస్తాయి కదా, దాన్నే చాలామంది జవాబు అనుకుంటారు. కానీ ఆ చెట్టులో ప్రతి కొమ్మ దగ్గర ఎడమ, కుడి తారుమారు చేసినా చెట్టు మారదు. 300 ఆకులున్న చెట్టుకు 299 కొమ్మ చీలికలు ఉంటాయి, అంటే 2ను 299 సార్లు గుణించినన్ని వరుసలు ఆ ఒక్క చెట్టుకే సరిపోతాయి. సాఫ్ట్‌వేర్ వాటిలో ఏదో ఒకటి గీసి చూపిస్తుంది. పక్కపక్కన ఉన్న రెండు ఆకులు వేర్వేరు పెద్ద కొమ్మలవైతే వాటి మధ్య ఏ పోలికా లేకపోవచ్చు.

దీనికి మందు ఉంది. ఆ తారుమార్లన్నిటిలో పక్కపక్క తేడాల మొత్తం అతి తక్కువయ్యే వరుసను కచ్చితంగా వెతికే అల్గారిథమ్‌ను బార్-జోసెఫ్, గిఫర్డ్, యాకోలా 2001లో ఇచ్చారు. ఆప్టిమల్ లీఫ్ ఆర్డరింగ్ అంటారు. పైథాన్ సైపై లైబ్రరీలో ఉంది, ఆర్ భాషలో సీరియేషన్ ప్యాకేజీలోనూ ఉంది. మీ డేటా గుంపులు గుంపులుగా ఉంటే ఇది చాలా బాగా పనిచేస్తుంది. కానీ చెట్టు కట్టేటప్పుడు జరిగిన తప్పును ఇది దిద్దలేదు. వరుసలో నడిమిన ఉండాల్సిన వస్తువు మొదట్లోనే ఒక గుంపులో చేరిపోతే ఇక ఆ గుంపు దాటి రాలేదు. సాఫీగా, తెంపు లేకుండా మారే డేటాను చెట్టుగా కోయడమే బలవంతపు పని.

ఇక ఎండీఎస్. మీరు మొదటి అక్షం మీద సార్ట్ చేశారు. రెండు అక్షాలతో బొమ్మ వేసి చూస్తే మీ చుక్కలు గుర్రపు నాడాలాగా వంగి కనిపిస్తాయని నా అంచనా. దీనికి కారణం తేడాలు ఒక హద్దు దగ్గర ఆగిపోవడం. రెండు వస్తువుల్లో ఉమ్మడిది ఏమీ లేకపోతే తేడా గరిష్ఠం. ఇంకా దూరం పోయినా అదే గరిష్ఠం. నడిమి నుంచి కొసకూ, కొస నుంచి కొసకూ ఒకే తేడా ఉంటే గీత తిన్నగా ఉండలేదు, వంగుతుంది. కెండల్ 1971లో పురావస్తు పట్టికల మీద ఈ నాడా ఆకారాన్ని బాగా చూపించాడు. నాడా కొసలు లోపలికి తిరిగితే మొదటి అక్షం మీద కొసల దగ్గరి వస్తువులు ఒకదాని మీద ఒకటి పడి వరుస కలగాపులగం అవుతుంది. వరుస మాత్రం అక్కడే ఉంది, వంపు వెంట చదవాలి, అంతే.

తేడాలు ఇలా హద్దు దగ్గర ఆగిపోయే డేటాకు నేను చేసేది ఒకటుంది. పెద్ద తేడాలను నమ్మను. ఒక్కో వస్తువుకు దగ్గరి పది పన్నెండు పొరుగులను మాత్రమే ఉంచి, ఆ పొరుగుల గుండా నడిచే అతి చిన్న దారి పొడవును కొత్త తేడాగా తీసుకుని, దాని మీద స్పెక్ట్రల్ నడుపుతాను. అప్పుడు వంపు విప్పారి గీత తిన్నగా అవుతుంది. జాగ్రత్త ఒక్కటే: పొరుగుల సంఖ్య మరీ తక్కువైతే ఆ పొరుగుల గ్రాఫ్ (వస్తువుల మధ్య లింకుల వల) ముక్కలైపోతుంది. ముక్కలైతే ఒక్కో ముక్కకు విడిగా వరుస వస్తుంది కానీ ఏ ముక్క ముందో ఏది వెనకో డేటా చెప్పలేదు.

సేల్స్‌మ్యాన్ పద్ధతి గురించి కూడా అడుగుతారని ముందే చెప్తున్నాను. అన్ని వస్తువులనూ ఒకసారి తాకుతూ పోయే అతి పొట్టి దారి వెతకడం. తప్పులు లేని రాబిన్సన్ పట్టికలో ఇది సరైన జవాబే ఇస్తుంది. అక్కడ సరైన వరుసలోని పక్కపక్క జతలే మినిమమ్ స్పానింగ్ ట్రీ (అన్ని వస్తువులనూ అతి తక్కువ మొత్తం తేడాతో కలిపే చెట్టు) కూడా అవుతాయి, ఎక్కడ కోసి చూసినా ఆ కోత మీద అతి చిన్న తేడా ఆ జతదే కాబట్టి. కానీ 100 వస్తువులకు 4,950 తేడాలు ఉంటే ఈ పద్ధతి ఒక వరుసకు మార్కులు వేసేటప్పుడు అందులో 99 మాత్రమే చూస్తుంది. పొరుగులు బాగా కుదురుతాయి, మొత్తం దిశ మాత్రం తప్పిపోవచ్చు. సగం దాకా సరిగ్గా వెళ్లి, ఒక పెద్ద ముక్క తలకిందులై కూర్చోవడం నేను చాలాసార్లు చూశాను. మెరుగులు దిద్దడానికి వాడండి, మొదలుపెట్టడానికి వద్దు.

మెరుగులు దిద్దడం ఎలా?

స్పెక్ట్రల్ ఇచ్చిన వరుస చేతిలో ఉంది. 300 వస్తువులకు త్రికాలు 44,55,100, ఒక్కోదానికి రెండు షరతులు, సుమారు 89 లక్షల పరీక్షలు. మొత్తం లెక్క క్షణంలో అయిపోతుంది. ఇప్పుడు రెండు రకాల మార్పులు ప్రయత్నించండి: ఒక వస్తువును (లేదా పక్కపక్కన ఉన్న రెండు మూడింటిని) తీసి ఇంకో చోట పెట్టడం, ఒక ముక్కను అక్కడికక్కడే తిరగేయడం. ఉల్లంఘనలు తగ్గితే ఉంచండి, లేకపోతే వదిలేయండి. ప్రతి మార్పుకూ మొత్తం లెక్క మళ్లీ చేయకుండా మారిన త్రికాలు మాత్రం చూస్తే వేగంగా నడుస్తుంది. ఇక తగ్గని స్థితికి వచ్చాక సిమ్యులేటెడ్ అనీలింగ్‌తో కాసేపు చెడ్డ మార్పులను కూడా ఒప్పుకుంటూ నడపొచ్చు. మంచి స్పెక్ట్రల్ మొదలు ఉన్నప్పుడు దాని వల్ల వచ్చే అదనపు లాభం నా అనుభవంలో కొద్దిగానే ఉంటుంది.

ఉల్లంఘనలను ఊరికే లెక్కపెట్టాలా, ఎంత తగ్గిందో దాన్ని బట్టి బరువు వేయాలా అంటే, నేను బరువే వేస్తాను. 7.00 తర్వాత 6.99 రావడం కొలతలో దొర్లిన చిన్న తేడా. 7 తర్వాత 2 రావడం మాత్రం ఆ వస్తువు తప్పు చోట ఉందనడానికి సాక్ష్యం. పెద్ద తేడాలు నమ్మదగినవి కాకపోతే, వరుసలో ఒకదానికొకటి 30 స్థానాల లోపు ఉన్నవాటి త్రికాలనే లెక్కలోకి తీసుకోండి.

వరుస అసలు ఉందా అని తేల్చుకోవడం

ఇది నేను మొదట్లో అన్న సంగతి. దీనికి నేను వాడే మంచి పరీక్ష చాలా తేలిక. అతి పెద్ద ఐగెన్ విలువ వెక్టర్ ఒక అక్షంగా, దాని తర్వాతిది ఇంకో అక్షంగా బొమ్మ వేయండి. చుక్కలు యూ ఆకారంలో ఒకే సన్నని వంపుగా వస్తే వరుస ఉన్నట్టే. ఉంగరంలా వస్తే అది చక్రం. వై అక్షరంలా చీలితే కొమ్మలున్నాయి. ఆకారం లేని మబ్బులా వస్తే వరుస లేదు, లేదా మీరు ఎంచుకున్న తేడా దాన్ని పట్టుకోవడం లేదు.

చక్రం విషయంలో నా అనుభవం ఒకటి చెప్తాను. ఒకే చోట నిలబెట్టిన కెమెరా ఏడాది పొడవునా తీసిన ఫొటోలు, తేదీలు చెరిగిపోయినవి, వరుసలో పెట్టాల్సి వచ్చింది. స్పెక్ట్రల్ ఇచ్చిన వరుసలో ఆకులు రాలేటప్పటి ఫొటోలూ చిగురు వేసేటప్పటివీ ఒకటి విడిచి ఒకటి వచ్చాయి. ఎంత మెరుగులు దిద్దినా ఉల్లంఘనలు దిగలేదు. మొదటి రెండు ఐగెన్ విలువలు దాదాపు సమానంగా ఉన్నాయని అప్పుడు గమనించాను. బొమ్మ వేస్తే చక్కని ఉంగరం. ఏడాది చివర మళ్లీ మొదటికే కలుస్తుంది కదా! చక్రాన్ని గీతగా నొక్కితే ఎదురెదురు వైపులు ఒకదాని మీద ఒకటి పడతాయి. రెండు వెక్టర్ల నుంచి కోణం లెక్కపెట్టి, కోణాన్ని బట్టి సార్ట్ చేస్తే ఫొటోలన్నీ సరైన చోటికి వచ్చాయి. చక్రాన్ని ఎక్కడ తెంచి మొదలు అనాలో మాత్రం బయటి సమాచారంతోనే తేల్చాలి.

కొమ్మలు ఇంకా మొండివి. చేతిరాత ప్రతుల నకళ్లు, జీవజాతులు లాంటివి ఒక మూలం నుంచి చీలి పెరుగుతాయి. వాటి మధ్య తేడాలకు చెట్టు కడితే సరిపోతుంది, గీత కడితే సరిపోదు. రెండు కొమ్మల్లోని వస్తువులను అల్లినట్టు కలిపేసి వరుస వస్తుంది, పైకి చూడటానికి బాగానే ఉంటుంది, అందుకే ప్రమాదం. వై ఆకారం కనిపిస్తే ఒక్కో కొమ్మకు విడిగా వరుస వేసుకోండి.

రెండో పరీక్ష నిలకడ. వస్తువుల్లో పదో వంతు యాదృచ్ఛికంగా తీసేసి మొత్తం పద్ధతిని మళ్లీ నడపండి. ఇలా ఓ 200 సార్లు. ప్రతిసారీ దిశ తలకిందులు కావొచ్చు కాబట్టి ముందు దిశలు కలపండి, తర్వాత ఒక్కో వస్తువు స్థానం ఎంత అటూ ఇటూ కదిలిందో చూడండి. సాధారణంగా కొన్ని కుదురుగా ఉండి కొన్ని ఊగుతాయి, లేదా ఫలానా ఇరవై వస్తువులు తమలో తాము చోట్లు మార్చుకుంటూ ఉంటాయి. ఆ ఇరవై గురించి "ఇవన్నీ దాదాపు ఒకే చోట" అని రాయడమే సరైన జవాబు. 1 నుంచి 300 వరకు అంకెలు వేసి ఇచ్చేస్తే చదివేవాళ్లు 147, 148 మధ్య తేడాను కూడా నిజమని నమ్ముతారు.

పట్టికలోని అంకెలను కలగలిపి, అదే పద్ధతి నడిపి, వచ్చిన ఉల్లంఘనలతో పోల్చే పరీక్ష కూడా ఉంది. దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. అంకెలను గుడ్డిగా కలగలిపితే త్రిభుజ నియమం (నేరు దూరం చుట్టు దారి కంటే ఎక్కువ కాకపోవడం) లాంటి సహజ లక్షణాలన్నీ పోతాయి, దాంతో ఏ మామూలు డేటా అయినా దాని ముందు గొప్పగా కనిపిస్తుంది. మీ తేడాలు ఏ లక్షణాల నుంచి లెక్కపెట్టారో అవి మీ దగ్గర ఉంటే, ఒక్కో లక్షణం నిలువు వరుసలోని విలువలను విడివిడిగా కలగలిపి, తేడాలు మళ్లీ లెక్కపెట్టి పోల్చండి. అది న్యాయమైన పోలిక.

దిశ గురించి చివరగా ఒక మాట. తేడాల పట్టిక ఏది మొదలో ఏది చివరో ఎప్పటికీ చెప్పదు. తలకిందులు చేసినా ఉల్లంఘనలు అన్నే ఉంటాయి. పెట్రీకి కూడా అట్టముక్కల నుంచి దిశ రాలేదు. అలల అంచులాంటి పిడులున్న ఒక రకం కుండల్లో, మొదట పట్టుకోవడానికి పనికొచ్చిన పిడి రానురాను కుంచించుకుపోయి చివరకు వట్టి గీతగా మిగిలిందని గమనించి, ఆ మార్పును బట్టి ఏ కొస పాతదో నిర్ణయించాడు. మీకూ అలాంటి బయటి ఆధారం ఒకటి కావాలి. కనీసం రెండు వస్తువుల గురించి ఏది ముందో తెలిసినా చాలు, అవి వరుసలో దూరదూరంగా ఉంటే ఇంకా మంచిది.

మీ పట్టికలో గరిష్ఠ విలువకు సమానంగా ఉన్న తేడాలు ఎంత శాతం ఉన్నాయో ముందు లెక్కపెట్టండి. మూడో వంతు పైన ఉంటే నేను చెప్పిన పొరుగుల దారితో మొదలుపెట్టండి, లేకపోతే నేరుగా స్పెక్ట్రల్. ఆ రెండు వెక్టర్ల బొమ్మ వేసి ఇక్కడ పెడితే, అది యూనా, ఉంగరమా, వైనా చూసి తర్వాత ఏం చేయాలో చెప్తాను.